మేనమామల బిందె

మాగాయకు మామిడికాయల చెక్కు తీయడానికి మా ఇంట్లో పీలరు వాడం. ఆల్చిప్పతో తీస్తాం. ఆల్చిప్ప వీపును గరుకు రాయి మీద అరగదీస్తే నడిమధ్య చిన్న బొక్క పడుతుంది. ఆ బొక్క అంచును కాయకు ఆనించి లాగితే చెక్కు పల్చగా, కండ పోకుండా ఊడి వస్తుంది. పీలరుతో పది నిమిషాల్లో అయ్యే పని, దీనితో గంట పడుతుంది. ఆ గంటసేపూ చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే మనసు ఎక్కడెక్కడో తిరుగుతుంది. నాదైతే ఎప్పుడూ ఒకే చోటికి పోతుంది. అద్దంకి అవతల, గుండ్లకమ్మలో కలవబోయే ఒక వాగు ఒడ్డుకి.

ఈ ఆల్చిప్ప నాకిచ్చిన అవ్వ అక్కడి మనిషి. మొన్న పని మీద అద్దంకి వెళ్ళి, అలవాటుగా చేపల బజారులో ఆవిడ కూర్చునే చోటికి పోయాను. అక్కడ వేరే ఆవిడ కూర్చుని ఉంది.

“అవ్వ రాలేదా?” అన్నాను.

“వాగుకాడ ముసలామేనా? పోయిందిగా అమ్మా, శివరాత్రికి ముందు. మూణ్ణాళ్ళు జొరం, అంతే. రొయ్యలు బాగున్నయ్, తూచమంటావా?”

తూచమన్నాను. ఎందుకు తూచమన్నానో తెలియదు, మా ఇంట్లో రొయ్యలు తినేది నేనొక్కదాన్నే. బస్సులో కూర్చున్నాక ఏడుపొచ్చింది. ఏడుస్తూండగానే ఒక సంగతి తట్టింది. ఇంకో నెలకో రెండు నెలలకో వాగు పారుతుంది. ఈసారి గోడ మీదుగా పరిగె చేపల్ని మోసేదెవరు?

ఆ మోత ఏమిటో చెప్పాలంటే ముందు ఆవిణ్ణి చూపించాలి. పేరు మాత్రం రాయను. ఒకసారి నా కాగితాల్లో రాసుకుందామని పేరడిగితే, “నేనేమన్నా ఓట్లకి నిలబడ్డానా? చేపల పేర్లు రాసుకో, పో,” అని కసిరింది.

పొట్టి మనిషి. చీర మోకాళ్ళ పైకి దోపి, మడుగులో నడుముల్లోతు నీళ్ళలో నిలబడి, కళ్ళు మూసుకుని కాలివేళ్ళతో అడుగంతా తడిమేది. బియ్యంలో రాళ్ళు ఏరే వాళ్ళ చేతివేళ్ళు ఎంత నిదానంగా కదులుతాయో, ఆవిడ కాలివేళ్ళు అంత నిదానంగా బురదలో కదిలేవి. ఆల్చిప్ప తగిలితే కళ్ళు తెరవకుండానే నవ్వేది. ఆ నవ్వు చూసి ఒడ్డున ఉన్న నాకు తెలిసేది, తగిలిందని. ఫాల్గుణంలో ఆ ఒడ్డున నిలబడితే అవతల మిరపకాయల కల్లాలు ఎర్రగా పరుచుకుని ఉండేవి. ఆ ఎరుపు నీళ్ళలోకి దిగి, నీళ్ళు కదిలినప్పుడల్లా తానూ కదిలేది. పత్తి చేల మీంచి దూది పింజలు గాలికి లేచి వచ్చి నీళ్ళ మీద వాలి, ఎటు పోవాలో తోచనట్టు తిరుగుతుండేవి. ఆ ఎరుపుకీ ఆ తెలుపుకీ మధ్య ఆవిడ కళ్ళు మూసుకుని నిలబడి ఉండేది. నేను కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, వచ్చిన పని మరిచిపోయి చూస్తూ కూర్చునేదాన్ని.

నీళ్ళలోకి దిగే ముందు దోసిలి పట్టి వాసన చూసేది. ఒక్కోరోజు మొహం చిట్లించి దోసిలి వదిలేసేది. “పైన మిరపకి మందు కొట్టారు,” అనేది. ఇక ఆ రోజుకి వల ముట్టుకునేది కాదు. ఒడ్డున రాయి మీద కూర్చుని, అలిగిన వియ్యపురాలిలా మొహం తిప్పుకునేది. నేను పైకి నడిచి కనుక్కుంటే నిజంగానే ఎవరో మందు కొట్టి ఉండేవారు.

ఆవిడకో అలవాటుండేది. ఎవరు కనిపించినా “ఎవరి తాలూకు?” అని అడిగేది. మనుషుల్నే కాదు, కొత్త కొంగ వాలితే దాన్నీ అడిగేది. అడిగి, జవాబు తనే చెప్పుకునేది. తెల్లకొంగ గేదె తాలూకు. గేదె కాళ్ళకి లేచే పురుగులు దానికి కూడు. గేదె తుంగ తాలూకు. తుంగ నీడలో కొర్రమేను పిల్లల్ని పెట్టింది కాబట్టి కొర్రమేను తుంగ తాలూకు. కొర్రమేను ఎర్రటి పిల్లల గుంపును వెంటేసుకుని తిరిగే రోజుల్లో ఆవిడ అటు వల వేసేది కాదు. “బాలింత ఇంట్లోకి దూరతామా?” అనేది. వింటూ ఉంటే ఆ మడుగు నాకు ఒక వీధిలా కనిపించేది. ఏ ఇంటి తలుపు ఏ ఇంట్లోకి తెరుచుకుంటుందో ఆవిడ ఒక్కదానికే తెలుసనిపించేది.

మొదటిరోజు నన్నూ అడిగింది.

“నువ్వెవరి తాలూకు, అమ్మాయ్?”

“ఆఫీసు తాలూకు, అవ్వా.”

“ఆఫీసులకి కూడా బిడ్డలు పుడతన్నారా ఈ కాలాన?” అంది.

నేను వెళ్ళిన పని ఇది. వాగు మీద చెక్‌డ్యామ్ కట్టాలని రైతులు చాలాకాలంగా అడుగుతున్నారు. మిరపకు నీళ్ళు కావాలి, అందులో తప్పేమీ లేదు. అయితే కట్టే ముందు వాగులో ఏ ముక్కను ముట్టుకోకుండా కాపాడాలో గుర్తించి మ్యాపు మీద గీత గీయాలి. ఆ గీత లోపల గోడ రాదు, ఇసుక తవ్వకం రాదు. ఆ గీత గీసే పని నాది. ప్రతి చోటా ఏ జీవి ఉంది, ఎన్ని ఉన్నాయి, ఎంత లోతులో ఉన్నాయి అని ఫారంలో నింపేదాన్ని. పైనున్న పెద్ద మడుగులో ఆల్చిప్పలు కుప్పలు. అలాంటి చోటు ఆ చుట్టుపక్కల ఇంకొకటి లేదు. దిగువన, నడిచి వెళ్తే పావుగంట దూరంలో, ఇసుక రేవు. అక్కడ ఏడాది పొడుగునా చీలమండ లోతు నీళ్ళు, ఆ నీళ్ళ నిండా పరిగెలు. పరిగెలు ఎక్కడ ఉండవు గనక? ఫారంలో ఆ రేవుకు అర పేజీ కూడా నిండలేదు.

గీత పెద్ద మడుగు చుట్టూ గీస్తున్నానని అవ్వకు చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ నా మ్యాపు కేసి చాలాసేపు చూసింది. వేలితో మడుగు మీద తడిమింది, రేవు మీద తడిమింది, రెంటి మధ్యా తడిమింది.

“ఇయ్యి రెండూ ఒక ఇల్లేగా,” అంది.

“ఎలా, అవ్వా?”

వల విసిరి, మడుగులోంచి ఒక పరిగెను తీసి, బొటనవేలి గోటితో దాని మొప్ప పైకెత్తింది. “సూడు. నూకలున్నయ్యా?”

నా దగ్గరున్న భూతద్దం పెట్టి చూశాను. మొప్ప ఎర్రటి దువ్వెన పళ్ళకు తెల్లటి చుక్కలు అంటుకుని ఉన్నాయి, చీమ తల కన్నా చిన్నవి.

“ఆల్చిప్ప బిడ్డలయ్యి. తల్లి కదల్లేదు, బురదలో కూకుంటది. బిడ్డల్ని ఈడికి అప్పజెప్పుద్ది. ఈడు నాలుగు రోజులు తిప్పి, ఇసకలో దించుతాడు. రేవులో పట్టిన పరిగె మొప్పల్లో ఈ నూకలుండవు. ఇక్కడికొచ్చినాకే ఉంటయ్. నలబై ఏళ్ళు చేపలు కోసినదాన్ని, నాకు తెలవదా?”

కాలేజీలో పరీక్ష కోసం బట్టీ పట్టిన పేరా ఒకటి ఎక్కడో కదిలింది. ఆల్చిప్ప పిల్లలు చేప మొప్పలు పట్టుకుని బతుకుతాయని అందులో ఉంది. పరీక్ష రాసిన సాయంత్రమే దాన్ని మరిచిపోయాను. ఆవిడకది పరీక్ష కాదు కాబట్టి గుర్తుంది.

“పరిగె అంటే ఆల్చిప్పకి మేనమామ,” అంది మళ్ళీ. “పెళ్ళికూతుర్ని బుట్టలో కూకోబెట్టి పీటల మీదికి మోసేదెవరు? చెవులు కుట్టేటప్పుడు ఒళ్ళో కూకోబెట్టుకునేదెవరు? ఇదీ అంతే. మడుగులో పరిగెలు ఎండాకాలానికల్లా మిగలవు, కొర్రమేను మింగుద్ది. వాగు పారంగానే రేవులోంచి కొత్తయి ఎదురెక్కి రావాల. నువ్వు మడుగొక్కటే గీశావనుకో, గోడ దాని కిందనే కడతారు. మేనమామ రాకుండా పిల్ల పెళ్ళి చేస్తావా?”

ఆ రాత్రే రిపోర్టులో ఒక వాక్యం రాశాను. మడుగుకూ రేవుకూ మధ్య దారి కూడా గీత లోపల ఉండాలని, గోడను మడుగుకు పైన కట్టుకోవచ్చని. మర్నాడు మా సారు చదివారు. చెడ్డ మనిషి కాదు, ఓపిక ఉన్నవాడే.

“ఏమ్మా, ఆల్చిప్పలు మడుగులో ఉన్నాయి, మడుగు కాపాడుతున్నాం. పరిగెల కోసం అంత పొడుగు వాగు ఎవరిస్తారు? ఎవరు చెప్పారు ఇది?”

“అక్కడొక అవ్వ చెప్పింది సార్. పరిగె మేన...”

అక్కడే ఆగిపోయాను. మేనమామ అనే మాట ఆ గదిలో, ఆ ఏసీ చప్పుడులో, బయటికి రాలేదు. మీటింగు ఎల్లుండి. నా దగ్గర రుజువు ఏముంది, ఒక మొప్ప తప్ప? ఫారంలో జీవులకు గడులున్నాయి, లోతుకు ఉంది, లెక్కకు ఉంది. ఎవరు ఎవరికి ఏమవుతారో రాసే గడి లేదు. నవ్వుతారని భయమేసింది. సారు కొట్టేయమనలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. సాయంత్రం నా సీట్లో కూర్చుని ఆ వాక్యాన్ని నేనే కొట్టేశాను.

మ్యాపు బాగుందన్నారు. గీత మడుగు చుట్టూ గుండ్రంగా, ముద్దుగా వచ్చింది. గోడ దాని కిందనే కట్టారు.

నాలుగేళ్ళ తర్వాత, ఒక శ్రావణమాసంలో, కొత్త ఉద్యోగం మీద ఒంగోలు వెళ్తూ దారి మళ్ళించుకుని అక్కడ దిగాను. చిన్నగా ముసురు పడుతోంది. గోడ మీంచి నీళ్ళు పల్చగా జారుతున్నాయి. మడుగు చుట్టూ కంచె, ఆల్చిప్ప బొమ్మ వేసిన బోర్డు, చేపలు పట్టరాదని రాత. మడుగు నిండుగా, అద్దంలా ఉంది. నిజం చెప్పాలంటే గర్వంగా అనిపించింది. నా చేతి గీత నేల మీద నిలబడిందని.

అప్పుడు కనిపించింది అవ్వ. గోడ పక్కన గట్టెక్కి వస్తోంది. చంకలో వెలిసిపోయిన ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందె, మూతికి కట్టిన తడిగుడ్డ వాసెన. నాలుగు అడుగులు వేసి ఆగుతోంది, మోకాలు నొక్కుకుంటోంది, మళ్ళీ నాలుగు అడుగులు. కంచె తీగ కిందుగా వంగి దూరి, మడుగు ఒడ్డున బిందె వంచింది. నీళ్ళతో పాటు వెండి ముక్కల్లాంటివి జారి మాయమయ్యాయి.

అవతలి ఒడ్డున మోటారు షెడ్డు దగ్గర ఒక మిరప రైతు చూసి అరిచాడు. “ఏందవ్వా, పట్టిన చేపల్ని మళ్ళా నీళ్ళలో పోస్తన్నావు? మతి గానీ పోయిందా?”

“ఒరేయ్, నీ పెళ్ళాన్ని బుట్టలో మోసినోడు లేకపోతే నీకు పెళ్ళయ్యేదంట్రా?” అని అంతకన్నా గట్టిగా అరిచింది. అతను తల కొట్టుకుని నవ్వుతూ షెడ్డులోకి పోయాడు.

నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. “వచ్చావా, ఆఫీసు తాలూకూ,” అంది. “దిగు నీళ్ళలోకి. కాళ్ళతో తడుము.”

దిగాను. అడుగున ఆల్చిప్పలు ఎన్నో తగిలాయి, అరచేయంత పెద్దవి.

“పిల్లేమన్నా తగిలిందా?”

కళ్ళు మూసుకుని చాలాసేపు వెతికాను. చినుకులు నెత్తిన పడుతున్నాయి, నీళ్ళు వెచ్చగా ఉన్నాయి, కాలివేళ్ళ కింద అన్నీ పెద్దవే. అన్నీ ముసలివే. ఒక్క పిల్ల లేదు. గోడ కట్టినప్పటి నుంచి ఆ మడుగులో ఎవరూ పుట్టలేదని నెమ్మదిగా తెలిసింది. బోర్డు మీద బొమ్మ వేయించుకుని, కంచె మధ్య, అవి హాయిగా ముసలివైపోతున్నాయి. నీళ్ళలో నిలబడే ఏడ్చాను. కొట్టేసిన వాక్యం సంగతి చెప్పేశాను. ఎవరూ కొట్టేయమనలేదని, నేనే కొట్టేశానని కూడా చెప్పాను.

తిడుతుందనుకున్నాను. తిడితే తేలికపడేదాన్ని.

“గీత బాగానే గీశావమ్మాయ్,” అంది. “దారి మరిచావు, అంతే. ఇటురా.”

తాను బిందె వంచే చోటికి చేయి పట్టుకుని తీసుకుపోయింది. అక్కడ ఒడ్డువార ఇసుక. కాలు కదపకుండా బొటనవేలు మాత్రం ఆడించమంది. ఆడించాను. ఏదో తగిలింది, చింతగింజంత. వంగి తీసి అరచేతిలో పెట్టుకున్నాను. పచ్చని పల్చటి చిప్ప, గోరు నొక్కితే పగిలేలా ఉంది. నోరు మూసుకుని, బతికే ఉంది.

“గోడ కట్టిన కాడ్నించీ మోస్తన్నా,” అంది అవ్వ. “వాగు పారిన మూడు నాలుగు రోజులు. మేనమామలు ఎదురెక్కి వచ్చి గోడకి తలకొట్టుకుంటా నిలబడతారు పాపం. ఎత్తి ఇటేస్తే వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటారు.”

“ఎవరన్నా సాయం వస్తారా?”

“ఎవరొస్తారు? ముసలిదానికి పిచ్చంటారు. పిచ్చైతే పిచ్చి. ఇదుగో, మోకాళ్ళే మాట ఇనట్లేదు.”

ఆ రోజు చెరోవైపు పట్టుకుని బిందె మోశాం. గట్టు మీద రెండుసార్లు జారి పడ్డాను, ఆవిడ పడలేదు. ఆల్చిప్ప అప్పుడే ఇచ్చింది. మడుగులో దానంతటది చచ్చిన ముసలి ఆల్చిప్ప చిప్ప, బొక్క అరగదీసి ఉంచుకుంది. “మాగాయ పెట్టుకో. గుర్తుంటది,” అంది. ఏటా వస్తానని మాటిచ్చాను. చేపలెక్కేలా గోడ పక్కన వాలుగా మెట్ల కాలవ కట్టమని పాత ఆఫీసుకు ఉత్తరాలు రాశాను. పరిశీలిస్తామని జవాబొచ్చింది, ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు. నేను మాత్రం మళ్ళీ వాగు పారే రోజుల్లో ఒక్కసారీ వెళ్ళలేకపోయాను. ఒక ఏడు బదిలీ, ఒక ఏడు పిల్లకు జ్వరం, ఒక ఏడు ఏమీ లేదు, ఉత్త బద్ధకం. వెళ్ళినప్పుడల్లా బజారులో కలిసి, చేపలు కొని, మాటలు చెప్పి వచ్చేదాన్ని. ఆవిడ ఒక్కసారీ గుర్తు చేయలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

మాగాయ ఎండింది, కలిసింది, జాడీలోకి చేరింది. ఆల్చిప్ప కడిగి కిటికీలో పెట్టాను. రోజూ లేవగానే ఫోనులో వాన కబుర్లు చూడటం అలవాటైంది. వాగుకు ఎగువన పెద్ద వాన పడిందన్న రోజు సెలవు పెట్టి బస్సెక్కాను.

వాగు పారుతోంది, ఎర్రటి కొత్తనీరు. గోడ కింద నురగలో పరిగెలు నిలువునా వరసలు కట్టి, ఎగిరి, గోడకు తగిలి, జారి, మళ్ళీ ఎగురుతున్నాయి. కంచె రాటకు ఆకుపచ్చ బిందె బోర్లించి ఉంది. వాసెన గుడ్డ మడిచి తీగకు కట్టి ఉంది. మళ్ళీ ఏడు వచ్చేదాన్నే కదా అన్నట్టు అక్కడే వదిలి వెళ్ళింది.

బిందె తీసుకుని దిగాను. నాకు వల విసరడం రాదు, చున్నీతో ముంచాను. సగం జారిపోయాయి, సగం దొరికాయి. గట్టెక్కడానికి ఎంత సేపు పట్టిందో, ఎన్ని చోట్ల మోకాలు నొక్కుకున్నానో. తీగ కిందుగా దూరి, ఆవిడ వంచిన చోటే వంచాను. వెండి ముక్కల్లా జారి మాయమయ్యాయి. రెండోసారి దిగి, ఎక్కి వస్తుంటే అవతలి ఒడ్డున మోటారు షెడ్డులోంచి ఆ రైతు బయటికొచ్చాడు. జుట్టు నెరిసింది గానీ గొంతు అదే.

“ఎవరమ్మా అక్కడ? కంచెలోకి పోకూడదు. ఎవరి తాలూకు నువ్వు?”

బిందె చంకలో జారిపోతోంది, సర్దుకున్నాను.

“అవ్వ తాలూకు,” అన్నాను.

అతను షెడ్డులోకి పోయాడు. కాసేపటికి మోటారు చప్పుడు ఆగిపోయింది. లుంగీ ఎగ్గట్టి, గోడ మీదుగా నెమ్మదిగా నడిచి వచ్చి రెండు చేతులూ చాపాడు.

“బరువుగా ఉన్నట్టుంది. ఇటియ్యమ్మా,” అన్నాడు.